నాలుక ముడి విప్పమని వేడుకున్న ప్రవక్త

 

ఒక జుమా నమాజు తరువాత ఒక సోదరుడు నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చాడు. చేతిలో ఆసుపత్రి కాగితాల ఫైలు ఉంది. "మౌలానా! ఒక డాక్టరు ఆటిజం అన్నారు, ఇంకొకరు ఎదుగుదల ఆలస్యం అన్నారు, మరొకరు మాటల లోపం అన్నారు. బంధువులేమో వీడి అమ్మీ చేసిన పాపమే అంటున్నారు. ఒక తావీజు ఇప్పించండి" అన్నాడు.

మేము ఆయనకు హజ్రత్ మూసా (అలై) గాథను గుర్తుచేశాము. ఫిరౌను వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు, జనానికి తన మాట అర్థమయ్యేలా నాలుక ముడి విప్పమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. అంతటితో ఆగలేదు. తన ఇంటివారిలో నుంచే ఒక సహాయకుణ్ణి, సోదరుడు హారూన్ (అలై)ను, తోడు ఇమ్మని అడిగారు. తాహా సూరాలో ఈ ప్రస్తావన ఉంది.

నాలుక తడబడటం దైవాగ్రహానికి గుర్తయితే, అల్లాహ్ ఆయనతో స్వయంగా సంభాషించేవాడా? ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ బోధన. అలాంటప్పుడు ఆ తల్లిని నిందించే హక్కు మనకెక్కడిది? తల్లి పెంపకం వల్ల ఆటిజం రాదని వైద్యులూ చెబుతున్నారు.

దుఆతోపాటు సహాయకుణ్ణి కోరడం ప్రవక్తల విధానం. ఒకే బిడ్డలో రెండు మూడు సమస్యలు కలిసి ఉండటం అరుదు కాదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. రెండేళ్ళు నిండినా రెండు పదాలు కలిపి పలకకపోతే, "వాళ్ళ అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని కాలం గడపకండి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు వినడం దీనికి కారణం కాదు. మండలాల్లోని భవిత కేంద్రాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణ ఇస్తారు. సికింద్రాబాదులో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, మాటల వైకల్యం రెండూ ఉన్నాయి. ధ్రువపత్రం తీసుకోవడం అవమానం కాదు, అది బిడ్డ హక్కు.

ఇక ఇంట్లో మీరే హారూన్‌లు కండి. బిడ్డ ఎదుట కూర్చుని చిన్న చిన్న మాటలు చెప్పండి. ముద్ద పెట్టేముందు రోజూ బిస్మిల్లాహ్ అనండి. జవాబు కోసం కాసేపు ఆగండి. సైగ చేసినా, బొమ్మ చూపినా అది మాటేనని సంతోషించండి.

చివరగా మా తప్పు కూడా చెప్పాలి. ఆ రోజు ఆ పిల్లవాడు సఫ్‌ల మధ్య కేకలు వేస్తూ పరుగెత్తాడు. నమాజు తరువాత కొందరు ఆ తండ్రిని కసిరారు. మేము మౌనంగా ఉండిపోయాము. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి బాధపడుతుందని దైవప్రవక్త (స) నమాజును క్లుప్తం చేసేవారు. ఆయన పేరు చెప్పుకునే మన మస్జిదులో ఒక తండ్రి తలవంచుకుని నిలబడ్డాడు. మరుసటి జుమాలో మేము అందరి ఎదుట ఆయనకు క్షమాపణ చెప్పాము. ఆ బిడ్డను తీసుకురావద్దని ఇకపై ఎవరూ అనరాదని కోరాము.

అల్లాహ్ మన బిడ్డల నాలుక ముడులు విప్పుగాక! వారి పట్ల మన హృదయాలను విశాలపరచుగాక! ఆమీన్.