మారుబేరంలో మాయ

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సంభాషణల్లో కొన్నేళ్లుగా ఒక వింత తీర్పు వినిపిస్తోంది. 15 ఏళ్ల పిల్లవాడు దాచుకున్న డబ్బుతో 400 డాలర్ల బూట్లు కొని తొడుక్కుంటే ఇంటిల్లిపాదీ మందలిస్తారు. అదే వయసు పిల్లవాడు అవే బూట్లను 180 డాలర్లకు సంపాదించి, పెట్టె మూతైనా తీయకుండా 400కు మరొకరికి అమ్మితే, "మావాడికి వ్యాపారం అబ్బింది" అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోతారు. కొన్నవాడు దుబారా మనిషి, అమ్మినవాడు ప్రయోజకుడు. ఈ తీర్పు సరైనదేనా అన్నది మనం ఇక్కడ విచారించదలచిన ప్రశ్న. వస్తువు బూట్లే కావచ్చు. లాభం ఎంతవరకు ధర్మం అన్న విచారణ మాత్రం మన పెద్దలకు కొత్తది కాదు.

ఈ వ్యాపారం తీరు తెలియని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. స్కేట్‌బోర్డుల మీద తిరిగే కుర్రవాళ్లు, హిప్‌హాప్ గాయకులు, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు వేసుకునే వదులు చొక్కాలు, హుడీలు, బూట్లు, టోపీలు కలిపి స్ట్రీట్‌వేర్ అంటున్నారు. 1994లో జేమ్స్ జెబియా న్యూయార్క్ లఫాయెట్ వీధిలో సుప్రీమ్ అనే చిన్న దుకాణం తెరిచారు. సరుకంతా ఒక్కసారిగా అరల్లో పెట్టకుండా గురువారం గురువారం కొద్దికొద్దిగా విడుదల చేయడం దాని పద్ధతి. దీనినే 'డ్రాప్' అంటారు. అయిపోయిన సరుకు మళ్లీ వస్తుందన్న భరోసా ఉండదు. 2016లో ఆ సంస్థ తన ముద్ర వేసిన మట్టి ఇటుకను 30 డాలర్లకు అమ్మింది. గోడ కట్టుకోవడానికి పనికివచ్చే మామూలు ఇటుకే. అదీ చెల్లిపోయింది, ఆ తరువాత ఎన్నో రెట్ల ధరకు చేతులు మారింది. ఇక సంస్థ మాటకు వస్తే, 2017లో కార్లైల్ గ్రూప్ సుమారు సగం వాటాను 50 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2020లో వి.ఎఫ్. కార్పొరేషన్ మొత్తం సంస్థను 210 కోట్లకు కొని, 2024లో 150 కోట్లకు ఎసిలార్ లక్సోటికాకు అమ్మివేసింది. మోజు మీద కట్టిన కోటను మారుబేరానికి పెడితే పెద్ద కంపెనీకైనా నష్టం తప్పలేదన్నమాట.

బూట్ల కథ ఇంకొంచెం పాతది. మైకేల్ జోర్డన్ పేరుతో నైకీ 1985లో అమ్మకానికి పెట్టిన మొదటి బూట్ల ధర 65 డాలర్లు. 2005 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో, పావురం బొమ్మ కుట్టిన డంక్ బూట్లు 150 జతలు మాత్రమే చేశారు. వాటి కోసం చలిలో రోజుల తరబడి కుర్రవాళ్లు దుకాణం ముందు పడిగాపులు కాశారు. చివరికి పోలీసులు రావలసి వచ్చింది. 2016లో డెట్రాయిట్ నుంచి స్టాక్‌ఎక్స్ అనే సంస్థ మొదలై, షేర్లకు నడిచినట్టే బూట్లకూ బేరం నడిపే అంగడి తెరిచింది. కొనేవాడి బేరం ఒక పక్క, అమ్మేవాడి బేరం ఒక పక్క, మధ్యలో ఎక్కుతూ దిగుతూ ధర రేఖ. మన పిల్లలు ఫోనులో తదేకంగా చూస్తున్నది ఒక్కొక్కసారి ఆ రేఖనే.

ఈ ధరలో ఉన్న అసలు సరుకు ఏమిటో ఒక ఉదాహరణ చక్కగా చెబుతుంది. నైకీ 2021లో తెలుపు, నలుపు రంగుల డంక్ బూట్లను 100 డాలర్లకు విడుదల చేసింది. కుర్రకారు వాటికి 'పాండా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. మొదట్లో మారుబేరంలో వాటి ధర అసలు ధరను బాగా మించిపోయింది. గిరాకీ చూసి సంస్థ మళ్లీ మళ్లీ సరుకు దింపింది. ఏ బడి గేటు దగ్గర చూసినా ఆ నలుపు తెలుపులే. మారుబేరపు ధర జారి జారి అసలు ధర దగ్గరికి వచ్చి పడింది. తోలు మారలేదు, కుట్టు మారలేదు, అడుగు మారలేదు. తొడుక్కున్న వారి సంఖ్య ఒక్కటే మారింది. మరి మొదట్లో అదనంగా కట్టిన సొమ్ము దేనికి కట్టినట్టు? ఎదుటివాడి కాళ్లకు అవి లేకపోవడానికి. ఎదుటివాడి లేమిని తూకం వేసి అమ్మే అంగడి ఇది.

మన గద్వాల చీరకు, ఉప్పాడ జమదానీకి కూడా పెద్ద ధరలే ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. తేడా ఉంది. నేతగాడు మగ్గం ముందు రోజుల తరబడి కూర్చుంటే గాని ఆ చీర దిగదు. అక్కడ కొరత మనిషి చేతి వేగం నుంచి పుట్టింది. బూట్ల కొరత మాత్రం కార్యాలయంలో తీసుకున్న నిర్ణయం. యంత్రాలు లక్ష జతలు చేయగలవు, వెయ్యి చాలని అనుకుంటారు. తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. బూట్లు ఎక్కడ తయారైనా సరే, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఒక జత మీద మారుబేరగాడు 200 డాలర్లు మిగుల్చుకున్న నాడు, దానిని కుట్టిన చేతికి ఒక్క పైసా అదనంగా ముట్టదు. చీరకు మంచి ధర పలికితే అందులో కొంతైనా మగ్గం దాకా చేరుతుందన్న ఆశ ఉంటుంది. ఇక్కడ ఆ దారే లేదు.

ఇంత చెప్పిన తరువాత కొన్న పిల్లవాడిని ఇంకా గట్టిగా మందలించాలని తోచవచ్చు. మనకు అలా తోచడం లేదు. నలుగురి కళ్లలో పడడానికి ఖర్చు చేయడం మానవ స్వభావమని 1899లోనే థార్‌స్టీన్ వెబ్లెన్ ఒక పెద్ద పుస్తకమే రాశాడు. పుస్తకం దాకా ఎందుకు, మన పెళ్లి పందిరిలో ఒక గంట కూర్చుంటే చాలు. వడ్డాణం బరువెంతో, పట్టుచీర ఏ ఊరిదో, ఎంత పెట్టి కొన్నారో అడగకుండానే తెలిసిపోతుంది. పరాయి దేశంలో పుట్టి, తన పేరు సరిగా పలకలేని తరగతి గదిలో కూర్చునే పిల్లవాడికి ఆ బూట్లు ఒక మాట కలుపుతాయి. "ఏవి, చూడనీ" అని పక్కవాడు వంగి చూస్తాడు. ఆ వంగి చూడడం కోసం 400 డాలర్లు ఎక్కువే, సందేహం లేదు. అయితే ఆ నష్టం అతడిదే, ఆ సంతోషమూ అతడిదే. వానకు తడిసి, మైదానంలో మట్టి కొట్టుకుని, మడమ అరిగేదాకా అతడు వాటిని వాడతాడు. ఏ వస్తువును దేనికోసం చేశారో దానికే వాడినవాడు ఆ వస్తువు పట్ల ఏ అపచారమూ చేయలేదు. అతనికి చెప్పవలసింది పొదుపు గురించి. ధర్మం గురించి మాట్లాడవలసిన చోటు వేరే ఉంది.

మారుబేరమే తప్పా? కాదు. ఈ మాట చెప్పడానికి మనకు మహాభారతంలోనే పెద్ద ప్రమాణం ఉంది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ వస్తుంది. జడలలో పిట్టలు గూడు కట్టుకున్నా కదలకుండా నిలిచి, తనంతటి ధర్మాత్ముడు లేడని అతడు గర్వించాడు. వారణాసిలో తులాధారుడనే వర్తకుడు ఉన్నాడని, ఆయనకు నీవు సాటిరావని అశరీరవాణి పలికింది. జాజలి వెళ్లి చూస్తే ఆయన అంగట్లో కూర్చుని సరుకు తూస్తున్నాడు. ఆయన తన వృత్తిని ఎలా వర్ణించుకున్నాడో గమనించదగినది. ఇతరుల చేతి నుంచి కొంటాడు, మళ్లీ అమ్ముతాడు, అందులో మాయ ఉండనివ్వడు. ఆయన త్రాసు అందరికీ ఒక్కటే. అంటే జాజలికి ధర్మం బోధించిన ఆ మహనీయుడు చేసినదీ మారుబేరమే. ఒకరి దగ్గర కొని మరొకరికి అమ్మి లాభం పొందడంలో దోషం లేదని దీనివల్ల తేటపడుతుంది. ఊరికి దూరంగా ఉన్నవాడికి సరుకు చేర్చినవాడు, పనికిరాదని ఒకరు పారేసిన పాత చొక్కాను వెతికి, శుభ్రపరచి, దాని విలువ తెలిసినవాడికి అందించినవాడు లాభానికి అర్హులే. పరీక్ష అంతా ఆ ఒక్క షరతు దగ్గర ఉంది. మాయ ఉందా, లేదా?

కౌటిల్యుడు ఇంత ఉదారుడు కాడు. అర్థశాస్త్రంలో వర్తకుల నుంచి ప్రజలను కాపాడే ప్రకరణాన్ని ఆయన కంటకశోధనంలో, అనగా రాజ్యంలోని ముళ్లను ఏరివేసే భాగంలో, చేర్చాడు. స్వదేశపు సరుకు మీద నూటికి 5, పరదేశపు సరుకు మీద నూటికి 10 లాభం చాలన్నాడు. వర్తకులు కూడబలుక్కుని సరుకును తొక్కిపట్టి అనుచితమైన ధరకు అమ్మితే 1000 పణాల జరిమానా విధించమన్నాడు. ఆ అంకెలు నేటి అంగడికి అతకకపోవచ్చు. తొక్కిపట్టడాన్ని వర్తకంగా కాక ముల్లుగా చూసిన ఆ చూపు మాత్రం పాతబడలేదు.

ఇప్పుడు మన ప్రయోజకుడు సరుకు ఎలా సంపాదిస్తున్నాడో చూద్దాం. కంపెనీ నియమం సాధారణంగా ఒకరికి ఒక జత. ఫోనులోని యాప్‌లో పేర్లు తీసుకుని చీటీ తీసినట్టు కొందరిని ఎంపిక చేస్తారు. వరుసలో నిలబడినా, చీటీలో పేరు వేసినా, డాక్టరు గారబ్బాయికీ దుకాణంలో సరుకు సర్దేవాడి కొడుకుకూ ఒకే అవకాశం. వరుస అనేది చిన్న విషయంలా కనబడుతుంది గాని, అది కూడా అందరికీ సమంగా తూగే త్రాసే. దానిని తప్పించుకోవడానికి 'బాట్' అనే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. ఒకే మనిషి పదుల పేర్లతో, పదుల కార్డులతో, ఒక్కో అక్షరం మార్చి రాసిన ఒకే ఇంటి చిరునామాలతో రెప్పపాటులో పదుల సార్లు వరుసలో నిలబడతాడు. తానొక్కడే అయి పదిమందిలా కనబడడానికి మన భాషలో ఉన్న మాట మాయే.

మన ఊళ్లలో కొత్త సినిమా మొదటి ఆట నాడు హాలు ముందు టికెట్లు బ్లాకులో అమ్మేవాడిని ఎవరూ ప్రయోజకుడని అనలేదు. తిరుమలలో ఎవరి పేరు మీదనో టికెట్లు సంపాదించి భక్తులకు ఎక్కువ ధరకు అంటగట్టే దళారీలను చూసి ఎవరూ మురిసిపోరు. సర్వదర్శనం వరుసలో గంటల తరబడి నిలబడిన ముసలమ్మ ముందు ఆ దళారీ ఎంత అల్పుడో మనకు వేరే చెప్పనక్కరలేదు. అదే పని తేటయైన ఇంగ్లీషులో, పడకగదిలో కూర్చుని, రెండు తెరల ముందు చేస్తే దానికి వ్యాపార దక్షత అన్న పేరు ఎలా వచ్చింది?

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. కొనేవాడు ఇష్టపడే కొంటున్నాడు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు అంటారు. నిజమే. అయితే అతడు 180కే కొనగల వరుసను ముందుగా చెడగొట్టి, ఆ పైన అతని ఇష్టాన్ని 400కు అడగడం జరుగుతోంది. బావి చుట్టూ కంచె వేసి నీళ్లమ్మేవాడు కూడా ఇష్టమైతేనే కొనమంటాడు. చట్టం ఒప్పుకుంటోంది కదా అన్నది మరో వాదన. 2016లో అమెరికా కాంగ్రెస్ బాట్ల మీద తెచ్చిన చట్టం కచేరీలు, ఆటల వంటి ప్రదర్శనల టికెట్లకే పరిమితం. బూట్లు దాని పరిధిలోకి రావు. చట్టం చేరని చోటే కదా ధర్మవిచారణ అవసరం. అసలు దోషి కంపెనీ అన్న మూడో వాదన మాత్రం బలమైనదే. తక్కువ సరుకు, తక్కువ ధర పెట్టి వరుసను పెంచేది కంపెనీ, ఆ వరుసే దానికి ఉచిత ప్రచారం. 2021లో ఒక ఇంగ్లీషు వారపత్రిక, నైకీ ఉత్తర అమెరికా విభాగం నడిపే ఉన్నతాధికారిణి కుమారుడు ఇటువంటి మారుబేరపు వ్యాపారం నడుపుతున్నాడని, అందుకు ఆమె పేరున ఉన్న కార్డు కూడా వాడాడని రాసింది. నియమోల్లంఘన ఏదీ జరగలేదని సంస్థ చెప్పింది. కొద్ది రోజులకే ఆమె పదవి నుంచి తప్పుకున్నారు. అయినా కంపెనీ దోషం కంపెనీది. దానిని చూపించి మన ఇంటి పిల్లవాడి దోషాన్ని చెరిపివేయలేము.

ఈ ప్రశ్న మన గుమ్మం దాకా చాలా మామూలుగా వస్తుంది. "మామయ్యా, శనివారం డ్రాలో మీ పేరు మీద కూడా ఒకటి వేస్తాను. పార్సిల్ వస్తే తీసిపెట్టండి, నేనొచ్చి తీసుకెళతాను" అని మేనల్లుడు ఫోను చేస్తాడు. ముద్దుల మేనల్లుడు, అడిగింది పేరే గాని డబ్బు కాదు. మనలో చాలామంది సరేనంటారు. అనేముందు రెండు మాటలు అడగవచ్చు. ఎన్ని పేర్లతో వేస్తున్నావు? వచ్చిన జత ఎవరు తొడుక్కుంటారు? తన పేరుతో ఒక్కటి వేసి, దొరికితే తొడుక్కుని, పాతబడ్డాక అమ్ముకునే పిల్లవాడు ఈ ప్రశ్నలకు తడుముకోడు. చిన్నాన్న పేరు, పెద్దమ్మ పేరు, పక్కింటి ఆంటీ పేరు కలిపి పద్నాలుగు పేర్ల పట్టిక పెట్టుకున్నవాడు కొంచెం నీళ్లు నములుతాడు. ఆ శనివారం మన పేరుకే చీటీ పడి, పార్సిల్ మన గుమ్మంలోకి రావచ్చు. అదే పట్టణంలో ఇంకో ఇంట, ఏడాదిగా పుట్టినరోజు డబ్బులు దాచుకుని ఒకే ఒక్క పేరుతో వేసిన పిల్లవాడి ఫోనుకు, ఈసారి దొరకలేదన్న సందేశం వెళుతుంది.