కారే కుళాయి ఎవరి లెక్క?

దుబారా అంటే ఒక పని. నీళ్ళు ఒలకబోయడం, అవసరానికి మించి వాడటం. మరి రాత్రంతా తనంతట తానే కారిపోయిన నీటిని ఎవరు ఒలకబోసినట్టు? స్నానాల గదిలో సిమెంటు తొట్టి మీద ఉన్న పాత ఇత్తడి కుళాయి గురించి ఇలా అడిగితే చాలామంది నవ్వేస్తారు. ముందు చిన్న లెక్క చూద్దాం.

సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. పది చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకున్నా ఎనిమిదిన్నర లీటర్లు దాటుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే సుమారు ముప్పావు లీటరు. ఆ కుళాయి కింద రోజూ పదకొండు వుజూల నీరు పోతోందన్నమాట!

పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా దుబారా దుబారాయేనన్న హదీసు చాలామంది వినే ఉంటారు. దాని పరంపరను కొందరు హదీసువేత్తలు బలహీనమన్నారు. అయితే వుజూలో అతిగా నీరు వాడరాదన్న విషయంలో ఉలమాల మధ్య భేదం లేదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లోనైతే ఏడాది పొడుగునా పారే నదే లేదు. బోర్లు వందల అడుగుల లోతుకు దిగాయి. చాలా ఊళ్ళ నీటిలో ఫ్లోరైడ్. శ్రీశైలం నీళ్ళ కోసం 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండకు కొండ తొలిచి 18 కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగాలు రెండు తవ్వాల్సి వచ్చింది. ఇక్కడ నీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

"బోరు నాది, కరెంటు బిల్లు నాది" అనేవారున్నారు. పాత్రలోకి తోడుకున్న నీరు తోడినవాడిదేనని ఫిఖ్హా పండితులు అన్నారు. నేల కింది నీరు మాత్రం అందరిదీ. నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ముస్లిములంతా భాగస్వాములన్నది అబూదావూద్‌లోని హదీసు భావం. కాబట్టి మన తొట్టి కింద కారిపోయేది పొరుగింటి బోరుకు కూడా అందవలసిన నీరే.

నిజానికి చెడేది చాలా చిన్న వస్తువు. కుళాయి లోపలి రబ్బరు వాషర్ అరిగిపోతుంది, లేదా ఉప్పునీటి తెల్లటి గార అది కూర్చునే చోట పేరుకుంటుంది. పిడిని బలంగా బిగిస్తే రెండు రోజులు ఆగుతుంది, కానీ ఆ ఒత్తిడికి వాషర్ ఇంకా త్వరగా నలిగిపోతుంది. నీళ్ళు కట్టేసి, పైభాగం విప్పి, గార గీకి, కొత్త వాషర్ వేస్తే సరి. కూర్చునే చోటే గుంటలు పడితే మాత్రం కుళాయి మార్చవలసిందే.

అద్దె ఇళ్ళలో చిక్కు వేరు. ఇంటి మరమ్మతు యజమాని బాధ్యత. అయితే అద్దెకున్నవారి చేతిలో ఆ ఇల్లు అమానతు. చెడిన సంగతి చెప్పకుండా "ఆయన ఇల్లే కదా" అని ఊరుకోవడానికి అమానతు ఒప్పుకోదు. చెప్పినా యజమాని రాకపోతే? కింద బకెట్ పెట్టి, నిండిన నీళ్ళు వాడుకుంటూ మళ్ళీ గుర్తుచేయాలి. బకెట్ పొర్లనంత వరకు అది దుబారా కాదనే నా అభిప్రాయం. రాత్రి పడుకునే ముందు మాత్రం దాన్ని ఖాళీ చేసి పెట్టుకోవాలి.

మస్జిదు వుజూఖానాలో కుళాయి కారుతుంటే ముతవల్లీకి చెప్పే బాధ్యత మొదట చూసినవారిదే. ఆయన అనుమతితో వాషర్ ఎవరు వేసినా ఫరవాలేదు.