పెద్దల సామాను, వారసుల ధర్మం

విజయవాడలోని గుణదల వంటి పేటలలో పాత పెంకుటిళ్ళు, డాబాలు కూలి అపార్ట్‌మెంట్లు లేచే కొద్దీ, భోషాణాలు, పందిరిమంచాలు, ఇత్తడి గంగాళాలు, గుండిగలు, ధాన్యం కొలిచిన కుంచాలు ఎవరి చేతికి పోవాలన్న ప్రశ్న వారసుల ముందుకు వస్తుంది. చాలామంది దీనిని చోటు చాలని చిక్కుగానో, తూకానికి పలికే ధరగానో చూసి తేల్చివేస్తారు. కాని పెద్దల వస్తువును ఉంచుకున్నా, ఇచ్చివేసినా, అమ్మినా, అది నిజంగా ఎవరిది, దేనికోసం ఉన్నది అన్న రెండు ప్రశ్నలకు వారసుడు తెలిసో తెలియకో జవాబు చెప్పినట్టే అవుతుంది.

యజమానితో ఉన్న సంబంధం అనే ఒక్క కారణం చేత మరొకరి సొత్తు అయ్యే ధనమే దాయమని, యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు నిర్వచించాడు. ఆ వ్యాఖ్యను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు గనుక ఈ ఆలోచనతో ఆంధ్రదేశానికి పాత పరిచయమే ఉంది. తాతతండ్రుల ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు కలుగుతుందన్న మితాక్షర, భూమి, ఇల్లు వంటి స్థావరాల విషయంలో తండ్రి చేతులు కట్టివేసింది. జంగమాలను, అనగా కదిలించగల సామానును మాత్రం తప్పనిసరి ధర్మకార్యాలకు, ప్రేమతో ఇచ్చే కానుకలకు, కుటుంబ పోషణకు, ఆపద గట్టెక్కడానికి వినియోగించే స్వాతంత్ర్యం ఇచ్చింది. అంటే సామాను చేతులు మారవచ్చు, కాని అందుకు తగిన కారణం ఉండాలి; అటక ఖాళీ చేయాలన్న తొందరను ఆ కారణాలలో చేర్చలేము.

ఇంతకంటే బరువైన విషయాన్ని వారసులు తరచుగా మరచిపోతారు. డెల్టా కుటుంబాలలో వంటపాత్రలు చాలావరకు కోడళ్ళు పుట్టింటి నుంచి సారెగా తెచ్చుకున్నవే. ఎన్నో బిందెల అంచున ఆ ఇల్లాలి పేరో, ఇచ్చినవారి పేరో కొట్టించి ఉంటుంది. పుట్టింటివారు, బంధువులు ఆడపిల్లకు ఇచ్చినది స్త్రీధనం, అనగా ఆపత్కాలంలో తప్ప భర్త సైతం ముట్టరాని సొత్తు. సాధారణంగా అది తల్లి తరువాత ముందు కూతుళ్ళకు, వారిలోనూ పెళ్ళికానివారికి చెందాలని మితాక్షర చెప్పింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తల్లి ఆస్తి విషయంలో కొడుకులను, కూతుళ్ళను, భర్తను ఒకే వరుసలో నిలిపింది. ఏ లెక్కన చూసినా, ఇల్లు పంచుకున్న అన్నదమ్ములు తల్లి గంగాళాన్ని పాతసామాన్లవానికి తూకానికి వేస్తూ, అత్తవారింట ఉన్న తోబుట్టువును ఒక్క మాటైనా అడగకపోవడం అన్యాయం. వెల తక్కువన్నది దానికి సమాధానం కాదు, ఎందుకంటే ఆమెకు పుట్టింటి నుంచి చాలాసార్లు మిగిలేది ఆ గంగాళమే.

దేవుని గదిలోని వస్తువుల సంగతి వేరు. సాలగ్రామానికి వెల కట్టడమే పాపమని సంప్రదాయం. పూజ సాగించలేని ఇంటివారు దానిని ఆరాధన జరిగే మరొక ఇంటికో, గుడికో అప్పగిస్తారు. భగ్నమైన ప్రతిమకు ఆగమాలు జీర్ణోద్ధారం అనే విధిని చెప్పాయి: అందులోని దైవసాన్నిధ్యానికి మంత్రపూర్వకంగా ఉద్వాసన చెప్పిన తరువాతనే ఆ ప్రతిమను నీటికో నిప్పుకో అప్పగించాలి. విరిగిన పటాలను రావిచెట్టు మొదట్లో వదిలిపోయేవారు ఆ బాధ్యతను చెట్టుకు అప్పగించి తప్పుకుంటున్నారు. 1924లో ఫాదర్ అర్లాటి లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పిన నాటినుంచి గుణదల కొండ క్రైస్తవులతో పాటు హిందువులకూ మొక్కుబడుల చోటు అయింది. ఫిబ్రవరి ఉత్సవాల నుంచి తెచ్చుకున్న జపమాలలు, స్వరూపాలు రెండు మతాల ఇళ్ళలోనూ పెద్దల పెట్టెలలో కనిపిస్తాయి. ఆశీర్వాదంతో ఆరాధనకు అంకితమైన వస్తువు వ్యక్తుల సొత్తే అయినా దానిని గౌరవించాలని, లౌకికమైన పనులకు వాడరాదని 1983 నాటి కథోలిక శ్రీసభ ధర్మస్మృతి 1171వ నిబంధన చెబుతుంది. పాడైపోయినదానిని కాల్చడమో భూమిలో పాతడమో ఆ సమాజపు ఆచారం. సొంతమైనంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు చేసే హక్కు రాదన్న చోట రెండు సంప్రదాయాలూ కలిశాయి.

నిత్యవాడుక సామానుకు అంతటి కట్టుబాటు లేదు గాని, దానానికి ఒక హద్దు ఉంది. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు ఇక మేత మేయలేని, పాలివ్వలేని ముసలి ఆవులను దానం చేస్తుంటే, అటువంటి దానం చేసినవాడు ఏ లోకానికి పోతాడోనని కొడుకు నచికేతుడు కలత చెందాడు. చిల్లుపడిన బిందెను అనాథాశ్రమానికి పంపడం ఆ ఆవుల వంటి దానమే. దాని దారి అజ్జరం వంటి ఇత్తడి పనివారి ఊరి కొలిమికి. అక్కడ పాత లోహం మళ్ళీ పాత్ర అవుతుంది. అరుదైన వస్తువులు ప్రదర్శనశాలకు చేరడం మంచిదే: 1949లో సంతానం లేకుండా మరణించిన మూడవ సాలార్‌జంగ్ సేకరణ 1951లో హైదరాబాదులో ప్రజలకు తెరుచుకుంది. తాళపత్రాలు ఉన్న ఇల్లు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు. అమెరికాలో స్థిరపడిన పిల్లలకు పాత విగ్రహాలు పంపాలనుకునేవారు, నూరేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం నిషేధించిందని తెలుసుకోవాలి. గట్టిగా ఉన్న గుండిగ, గంగాళం మాత్రం వంట సాగే చోటికే వెళ్ళాలి: కూతురు కావాలంటే ఆమె ఇంటికి, ఆమె వద్దంటే సంతర్పణలు జరిగే గుడికో, గుణదల ఉత్సవాలలో యాత్రికులకు అన్నం వండేవారికో.