పెట్టే చెయ్యి

మొన్నటి ఉగాదికి కొందరు విద్యార్థులతో కలిసి కడపలో ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాను. చీరలు, పంచెలు, మిఠాయి పొట్లాలు పంచాం. ఇక లేవబోతుంటే ఒక అవ్వ అడిగింది: “ఏం నాయనా, పండగంతా మీరే చేస్తే మేం చూస్తా కూచోవాల్నా?”

మావద్ద జవాబు లేదు. మన పల్లెల్లో ఉగాదినాడు వేపపువ్వు ఏరి, పూర్ణం రుబ్బి, ఓళిగలు తట్టి పెట్టేది పెద్దలు, తినేది పిల్లలు. ఇన్నేళ్ళూ పెట్టిన చెయ్యి ఇక్కడ చాపే చెయ్యి అయింది. ఆ మార్పును మా దయ పండగ పేరుతో ఖాయపరిచింది. పంచడం తప్పని నేననను. కాని మనిషికి పుచ్చుకోవడం తప్ప మరేమీ మిగల్చని దయ న్యాయమవుతుందా?

నేరమంతా కన్నబిడ్డలదే అనేవారున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా పెద్దలను వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు విధిస్తుంది. నిర్దయులు లేరని కాదు. కాని ఆదోని, కోసిగి ప్రాంతాల కూలీలు గుంటూరు మిరపచేలకు ఎందుకు పోతున్నారు? కడప పల్లెల బిడ్డలు కువైటులో ఎందుకు ఊడిగం చేస్తున్నారు? ఈ ప్రశ్నలు వదిలి కొడుకునొక్కణ్ణే బోనెక్కించడం సగం న్యాయం. ఆ చట్టమే జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటిచ్చే ఆశ్రమాలను ప్రభుత్వం పెట్ట“వచ్చు”నంటుంది. కొడుకుకు శిక్ష, ప్రభుత్వానికి వెసులుబాటు!

ఇదే కడప పక్కన, దేవుని కడప గుడికి ఉగాదినాడు ముస్లిములు వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వారి నమ్మకం. నమ్మకం మాట అటుంచండి. వారు పుట్టింటివారుగా, కొబ్బరికాయ చేతబట్టుకొని వస్తారు. ఇచ్చే హక్కు ఉన్నచోట పరాయివారూ బంధువులవుతారు. అది లేనిచోట కన్నతల్లి కూడా బిచ్చగత్తె అవుతుంది.

మా పిల్లలు అంగడికి పోయి బేడలు, బెల్లం తెచ్చారు. అవ్వ మాకు పనులు పురమాయించింది, పాకం చెడగొట్టినందుకు తిట్టింది, ఉడుకు ఓళిగ నా చేతిలో పెట్టింది. ఒక్క పూటతో ఆమె ఒంటరితనం తీరిందనడం అబద్ధం. అయినా ఆ పూట ఆమె ఇంటి పెద్ద, మేము అతిథులం.

ఆశ్రమాలు కట్టి తీరాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. వాటి వంటింట్లో అక్కడివారికే పెత్తనం ఉండాలని కూడా అడుగుదాం.