తువాలు కింది ధర



మన సీమలో ఎద్దుల సంతకు పోయినవాళ్లకు తెలుసు. దళారి, రైతు చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకునే ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఒక్క అంకె బయటికి పొక్కదు.

ఇప్పుడు ఆ తువాలు కంప్యూటర్లోకి వచ్చింది. 2016లో మొదలైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వేలం పద్ధతిలో, ఆదోని, కర్నూలు యార్డుల్లో వేరుశెనగ కుప్పకు ఒక వ్యాపారి వేసిన ధర గడువు ముగిసేదాకా ఇంకొకరికి తెలియకూడదు. అక్కడ పనిచేసే గుమాస్తా బామ్మర్దే కొనేవాళ్లలో ఉంటే? "బావా, పెద్ద ధర ఎంతుందో ఒక్క మాట చెప్పు" అని ఫోనొస్తుంది. ఆ గుమాస్తా చెడ్డవాడేం కాదు. చుట్టరికం బరువు అట్లాంటిది.

కానీ ఆ ఒక్క మాటతో బామ్మర్ది పెద్ద ధరకు కాస్త పైన మాత్రమే వేస్తే, క్వింటాలుకు యాభై రూపాయలు తగ్గినా, ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతుకు వెయ్యి రూపాయలు పోయినట్టే. వానకోసం మొగులుకేసి చూసి చూసి పండించిన పంట అది! ఎవరు ముంచారో కూడా ఆయనకు తెలియదు. నాకు బాధ అక్కడే.

అనుమతి లేకుండా ఆఫీసు సమాచారం బయటపెట్టకూడదని ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతూనే ఉంది. దానికంటే ముందు ఆ గుమాస్తా చేయగలిగింది ఒకటుంది. పొద్దున వేలం మొదలుకాకముందే యార్డు కార్యదర్శి దగ్గరికి పోయి, "సార్, ఈరోజు మా బామ్మర్ది కొంటున్నాడు, నన్ను కాటా దగ్గర కాకుండా, ధరల దగ్గర కాకుండా, గేటు దగ్గర వేయండి" అని అడగడం.