కలం మర్యాద

పత్రికలో వార్త వేరు, అభిప్రాయం వేరు. వార్త జరిగినదాన్ని చెబుతుంది. సంపాదకీయ పేజీ దానిపై తీర్పు చెబుతుంది. తీర్పు చెప్పే చోట కలం జారడం తేలిక. మన తెలుగులోనైతే తిట్టు కూడా అక్కర్లేదు, క్రియాపదం చివరి అక్షరం చాలు. మంత్రిగారు 'అన్నారు', కూలివాడు 'అన్నాడు'. వ్యాసం మొదట్లో ప్రత్యర్థిని 'అన్నారు' అని గౌరవించి, కోపం పెరిగేకొద్దీ 'అన్నాడు'లోకి దిగిపోయే రచయితలున్నారు. వాదన ఎక్కడ అడుగంటిందో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది.

అయితే మర్యాద అంటే మెత్తటి మాటలేనా? ఒకసారి కొందరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, సలాం చెబుతున్నట్టే నటిస్తూ, ఒక్క అక్షరం మింగేసి 'అస్సాము అలైకుమ్' అన్నారు. అంటే మీకు చావు కలుగుగాక అని. పైకి పలకరింపు, లోపల శాపం. హజ్రత్ ఆయిషా (రజి) పసిగట్టి ఘాటుగా బదులిచ్చారు. దైవప్రవక్త (స) ఆమెను వారించి, అల్లాహ్ ప్రతి విషయంలోనూ మృదుత్వాన్నే ఇష్టపడతాడని బోధించారు. వారికి ఆయన ఇచ్చిన జవాబు 'వ అలైకుమ్' మాత్రమే. మీకూ అంతే అని. వచ్చినదాన్ని వచ్చినంతే తిప్పి పంపారు, పిసరంత కూడా కలపలేదు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. నేటి అభిప్రాయ వ్యాసాల్లోనూ ఇలాంటి సలాములు కనిపిస్తాయి. 'మిత్రులు', 'పెద్దలు' అంటూనే, ఎదుటివారు అనని మాటను వారికి అంటగడతారు. నా దృష్టిలో తిట్టుకన్నా ఇదే పెద్ద అమర్యాద.

మృదుత్వమంటే సత్యాన్ని పలచబరచడమూ కాదు. ఫిరౌన్ వద్దకు వెళ్ళి మృదువుగా మాట్లాడమని హజ్రత్ మూసా, హారూన్ (అలైహిమస్సలాం)లకు అల్లాహ్ ఆజ్ఞాపించిన సంగతి తాహా సూరాలో ఉంది. కానీ వారు మోసుకెళ్ళిన సందేశం చూడండి: ఇస్రాయీల్ సంతతిని హింసించడం మాని మా వెంట పంపు! స్వరం మెత్తన, కోరిక మాత్రం ఉక్కు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్' పత్రిక ప్రారంభించారు. ఆయన ధార్మిక భావాలన్నింటితో ఏకీభవించనక్కర్లేదు, చాలామంది పండితులు ఏకీభవించలేదు కూడా. ఆయనను అవిశ్వాసి అంటూ ఫత్వాలు వచ్చాయి. ఆ పత్రికలోని 'బహస్ ఒ తక్రార్' వ్యాసంలో, సంస్కారం లేని వాదులాటను కుక్కల కొట్లాటతో పోల్చారాయన. ముందు గుర్రు, తర్వాత మొరుగు, ఆపై కరుచుకోవడం. ఉపమానం కటువైనదే, కానీ గురి ఒక అలవాటు మీద. భేదాభిప్రాయం ఉండాల్సిందేనన్నారు. కాకపోతే దాన్ని తెలిపేటప్పుడు, బహుశా నేనే పొరబడ్డానేమో అనే సందు ఒకటి వదలమన్నారు. ఆ సందు నేటి సంపాదకీయాల్లో అరుదు.

ఇక బాధితుని సంగతి. అల్లాహ్ బహిరంగంగా చెడు పలకడాన్ని ఇష్టపడడని చెబుతూనే, నిసా సూరా 148వ ఆయత్ అన్యాయానికి గురైనవారిని మినహాయించింది. ఇల్లు కాలినవాడు పత్రికకు ఉత్తరం రాస్తే, అందులోని వేడిని చూసి 'భాష బాగోలేదు' అని పక్కన పడేయడం న్యాయం కాదు. సంపాదకుడు ముందు అడగవలసింది ఇల్లు కాలిందా లేదా అని.