చెల్లని చీటి

వోటనగా చీటిమీది ముద్రయా, ముద్ర వేసినవాని మనస్సా? ఈ ప్రశ్న ప్లీడర్లకే విడిచిపెట్టదగిన దని చదువరు లనుకొనరాదు. అనంతపురపు మెట్టసీమలో, మా సోమందేపల్లె చుట్టుపట్ల పల్లెలలో, వార్డు సభ్యుని యెన్నిక రెండుమూడు వోట్ల తేడాతో తేలవచ్చును. వోట్లు సమానమైనచో లాటరీ తీయుదురు. అట్టిచోట చెల్లని చీటు లెన్ని యను లెక్కయే సభ్యు డెవ్వడో నిర్ణయించును.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున నాలుగు విడతలుగా జరిగిన గ్రామపంచాయతీ యెన్నికలలో యంత్రములు లేవు. కాగితపు చీటియు రబ్బరు ముద్రయుమాత్రమే. ముద్ర రెండు గుర్తుల నడిమి గీతపై పడవచ్చును. మడతలో సిరా అవతలి గుర్తునకు అంటవచ్చును. ముద్రకు మారుగా వ్రేలిగుర్తు వేయువారును ఉందురు. ఈ కడపటిదే మమ్ము మిక్కిలి కలతపెట్టుచున్నది. భూమి దస్తావేజుమీదను, బ్యాంకు కాగితముమీదను, చౌకధరల దుకాణముననుగూడ చదువురాని ముసలమ్మకు వ్రేలిముద్రయే మాట. అచ్చట ఆమెను నిలబెట్టిన గుర్తే వోటుపెట్టెలో ఆమె చీటిని చెరుపుచున్నది. ఇది క్రూరముగా తోచును. కాని ఆలోచింపుడు. చీటిలో ఆనవాలు ఉండవచ్చు నన్నచో, వోటు కొన్నవాడు "ఫలానా మూల చుక్క పెట్టి రమ్ము, లెక్కింపులో చూచుకొందును" అనును. అప్పిచ్చినవాడును, తన బోరునుండి నీరు విడుచువాడును అట్లే యడుగగలరు. వాన రాని యేట ఆ నీటికి ఎదురుచెప్పగల బీదరైతు ఎవ్వడు? వానికి గల కవచ మొక్కటే: తన చీటి యేదో ఎవ్వరికిని తెలియకుండుట. కావున ఈ నియమమును సడలింపుడని మేము కోరము. వ్రేలు వేయరాదని ముందుగా ఇంటింటను చెప్పకపోవుటయే నేరము.

తక్కిన లోపముల సంగతి వేరు. మీమాంసకులు వాక్యమునకు తాత్పర్యము వెదకుదురు. 1961 నాటి యెన్నికల నియమములును అంతియే: ముద్ర అస్పష్టమైనను, ఒకే యభ్యర్థికి రెండుమారులు పడినను, ఉద్దేశము తేటగా తెలియునేని చీటిని త్రోసివేయరాదు. అధికారి తప్పిదముననే చీటిపై సంతకము లేకపోయినచో, ఆ యొక్క కారణమున దానిని కొట్టివేయరాదనియు అందే కలదు.

ఈ తెలివి మొదటినుండి ఉన్నది కాదు. మొదటి లోకసభ యెన్నికలో హోషంగాబాదున హరివిష్ణు కామత్ గారు 174 వోట్లతో ఓడిరి. అచ్చట కొందరు వోటరులకు పోలింగు అధికారులు శాసనసభ చీటులను పొరబాటున ఇచ్చి యుండిరి. 1954 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆ చీటులు చెల్లవనెను. అయినను కామత్ గారిని విజేతగా ప్రకటింపక, ఎన్నికనే రద్దుచేసెను. అధికారుల పొరబాటువలన ఆ వోటరుల నోరు కట్టువడరాదు గదా. ఈ తీర్పునందలి న్యాయము మాకు నచ్చినది, ఖర్చు మాట యెట్లున్నను.

తెలిసి చెరిపినవారి కథ వేరు. 2024 జనవరిలో చండీగఢ్ మేయరు ఎన్నికలో అధికారియే ఎనిమిది చీటులపై గీతలు గీసి, అవి చెల్లవనెను. ఫిబ్రవరి 20న సుప్రీముకోర్టు వానిని చెల్లుబాటు చేసి ఫలితమును తారుమారు గావించెను.

చండీగఢ్‌లో కెమెరా ఉండెను. పల్లె లెక్కింపుబల్లయొద్ద చీకటిపడినవేళ అలసిన అధికారి ఒక్కడు, చుట్టును అరచు ఏజెంట్లు. ఓడినవాడు ట్రిబ్యునలున పిటిషను వేయవలెను. రాజ్యాంగపు 243-ఓ అధికరణము వేరు దారి నీయదు. వోటు రహస్యమును కాపాడుటకై తిరుగులెక్కింపు ఊరక ఉత్తరువు చేయరాదని 1964 నుండియు సుప్రీముకోర్టు పలుకుచున్నది. పంచాయతీ పదవికాల మైదేండ్లు. వ్యాజ్యమునకు అట్టి గడువు లేదు. త్రోసివేయుటకు ముందు చీటిని ఏజెంట్లకు చూపి, కారణమును దానిమీదనే వ్రాయవలెనని 1961 నియమమే చెప్పుచున్నది. ఆ ఒక్క పంక్తిని ఆ రాత్రియే, అందరియెదుట, పైకి చదివి వ్రాసినచో, పెనుకొండ కచేరిమెట్లు ఎక్కువారిలో పలువురు ఇంటికే మరలిపోవుదురని మా నమ్మకము.